బోదె నుంచి బోర్డు దాకా మన మాట చెల్లేదెక్కడ?

(ఉయ్యూరులో జరిగిన రైతుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేను బీటలు తీస్తుంటే మనం ముందు లస్కరును అడుగుతాం. పైనుంచి వదల్లేదంటాడు. ఇంజనీరు గారిని అడిగితే బ్యారేజీలో నీళ్లు లేవంటారు. బ్యారేజీకి సాగర్ నుంచి, సాగర్‌కు శ్రీశైలం నుంచి రావాలి. అక్కడ రెండు రాష్ట్రాల వాటాలు చూసేది 2014 విభజన చట్టంతో వచ్చిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు. బచావత్ ట్రిబ్యునల్ మన డెల్టాకు 181.20 టీఎంసీలు లెక్కగట్టింది. ఆ లెక్క శివారు చేనుకు చేరేలోపు ఎన్ని మెట్లు దిగాలో చూడండి.

ఈ మెట్లు అందరికీ ఒకటి కావు. మిల్లులు, పెద్ద చెరువులు ఉన్నవారు ఒక్క ఫోనుతో పైదాకా ఎక్కుతారు. దివిసీమ శివారు కౌలురైతు లస్కరు దగ్గరే ఆగిపోతాడు.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా రెండయ్యింది. ఇప్పుడు మన కలెక్టరు బందరులో, మన కాలువల తలుపులు ఎన్టీఆర్ జిల్లా విజయవాడలో. ఆఫీసులు పెరిగాయి. వాటిలో కౌలురైతుకు కుర్చీ మాత్రం పడలేదు.

ఊళ్లోనే నీటి పెత్తనం ఉండాలని 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చారు. ఓటు ఎవరికి? భూ యజమానికి, రికార్డుకెక్కిన కౌలుదారుకి. మన దగ్గర కౌలు నోటిమాట మీద నడుస్తుంది. అంటే నీళ్లు కట్టేది ఒకరు, ఓటేసేది ఇంకొకరు. రికార్డుకెక్కాలంటే 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం కావాలి. అది దొరక్క తుపాను పరిహారం చాలాసార్లు యజమాని ఖాతాకే పోతోంది.

ఎకరం, రెండెకరాల యజమానులకు కూడా ఒక మాట. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం వద్దు. ఆ పత్రం గడువు 11 నెలలే. దానితో భూమి మీద హక్కు రాదు. మీరూ మేమూ కొట్లాడుకుంటే పైమెట్టు వాడికే లాభం.

అందుకే ఈ సార్వాకు ముందే ప్రతి ఊళ్లో నిజంగా సాగు చేస్తున్నవారి జాబితా మనమే రాద్దాం. దాన్ని గ్రామసభలో చదివిద్దాం, తహసీల్దారుకు ఇద్దాం. ఆపైన ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ, బందరు రైతులం ఒకే రోజు కలెక్టరేటుకు వెళ్దాం. సంతకం షరతు తీసేయాలని, సాగుదారుకు నీటి సంఘంలో ఓటివ్వాలని అడుగుదాం. ఒక్కడు వెళ్తే రేపు రమ్మంటారు. నాలుగు ప్రాంతాలు కలిసి వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడతారు.