మనోగాయము - సేవాసంస్థలు



శరీరమునకు తగిలిన గాయము కంటికి కనబడును. మనస్సునకు తగిలినది కనబడదు. అట్టి గాయముతో ఆసుపత్రికో, పోలీసు ఠాణాకో, పాఠశాలకో వచ్చినవారికి అచటివారి మాటతీరు వలన గాయము మానవచ్చును, మరల రేగనూవచ్చును.

నా తప్పిదమునే మొదట చెప్పెదను. నేను ఉపాధ్యాయవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో, గాలివాన వచ్చినప్పుడెల్ల బల్లక్రింద దూరెడి బాలుని పిరికివాడని బెత్తముతో కొట్టితిని. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వాడు తల్లిని కోల్పోయెనని పిదప తెలిసినది. "వీనికేమి రోగము?" అంటినే గాని "వీనికేమి జరిగినది?" అని అడుగనైతిని. వాడు మరల బడికి రాలేదు.

ఈ రెండవ ప్రశ్నయే మూలముగా అమెరికాలో మాక్సిన్ హారిస్, రోజర్ ఫాలట్ అను పండితులు 2001లో సేవాసంస్థలకు ఐదు సూత్రములు చెప్పిరి: భద్రత, నమ్మకము, ఎంచుకొను స్వేచ్ఛ, సహకారము, ఆత్మశక్తి. 2014లో ఆ దేశపు ప్రభుత్వసంస్థ యొకటి ఇట్టి సేవకు పది అంగములు నిర్ణయించి, ఫలితపరీక్షను వానిలో నొకటిగా చేర్చినది.

ఆ పరీక్ష యెట్లు జరుగవలెను? శిక్షణ పొందినవారిని లెక్కించుట సులభము. కాని శిక్షణ విత్తనమే గాని పంట కాదు. బాధితురాలు తన కథను ఎందరియెదుట ఎన్నిమారులు చెప్పవలసివచ్చినది? ఆమెతో మాటాడుటకు చాటైన గది కలదా? ఒకమారు వచ్చినవారు మరల వచ్చుచున్నారా? నిత్యము పరుల దుఃఖము వినెడి సిబ్బందికి విశ్రాంతియు, ఓదార్పును కలవా? ఇవి కొలతలు. విద్యార్థి తన పత్రమునకు తానే మార్కులు వేసికొనరాదు గదా! కావున సేవ పొందినవారినే అడుగవలెను. ఏటేట అడిగి, నిరుటితో పోల్చవలెను.

మన దేశమున 2012 నాటి పోక్సో చట్టము, బాలల వాఙ్మూలము వ్రాసికొను పోలీసు అధికారి యూనిఫారము ధరింపరాదనియు, సాక్ష్యమునకై బిడ్డను మాటిమాటికి న్యాయస్థానమునకు పిలువరాదనియు విధించినది. విధి కాగితముపై నున్నది. ఆచరణలో నెంత యున్నదో చూడవలసినవారు మనము.

పెద్దలారా! మీ యూరి పాఠశాలకు పోయినప్పుడు హాజరుపట్టీ తెరచి, కొట్టివేసిన పేర్లను చూడుడు. ఒక్కొక్క పేరునకు ఏమి జరిగినదో అడుగుడు. నేను అడుగని ప్రశ్న మీరైనను అడుగుదురని నా ప్రార్థన.