పత్రికకెక్కని కయత్తారు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే శాస్త్రులవారు పంచాంగ శ్రవణం చేసినారు. ప్రతి రాశికీ నాలుగు అంకెలు చదివినారు: ఆదాయము, వ్యయము, రాజపూజ్యము, అవమానము. ఎవరి రాశి వచ్చినప్పుడు వారు చెవి ఒగ్గి విన్నారు. ఆదాయం తక్కువని విని ముఖం చిన్నబుచ్చుకొన్నవారు కూడా రాజపూజ్యం ఎక్కువని వినగానే కొంత తేరుకొన్నారు. పంచాంగాన్ని మనము నమ్మినా నమ్మకపోయినా ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పంచాంగకర్త నాలుగు గళ్లూ నింపుతాడు. పొద్దున్నే గుమ్మంలో పడే పత్రిక, రాత్రి భోజనాలవేళ మనము పెట్టుకొనే టెలివిజన్, ఇప్పుడు ముసలివారి చేతికి కూడా వచ్చిన ఫోను, ఇవి మాత్రం వ్యయము, అవమానము అనే రెండు గళ్లే నింపి పంపుతున్నవి. వార్తలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు మమ్ములను ఆజ్ఞాపించినారు. పెద్ద చదువులు మాకు లేవు. మాకు తెలిసినది రైళ్లు, ఈ ప్రాంతము. ఆ రెంటినుండే చెబుతాము.

బండి వేళకు వస్తే స్టేషనులో ఎవ్వరూ ఏమీ అడగరు. అది వార్త కాదు. 1956 నవంబరు 23వ తేదీ తెల్లవారుజామున, మద్రాసునుండి తూత్తుకుడికి వచ్చే ఎక్స్‌ప్రెస్ అరియలూరు దగ్గర మరుదయ్యారు వంతెనవద్ద పడిపోయినది. మన కోవిల్‌పట్టి మీదుగా పోవలసిన బండి అది. నూటికి పైగా జనం పోయినారు. అంతకు రెండు నెలలకు ముందే మన మహబూబునగరం వద్ద ఒక ప్రమాదం జరిగి ఉన్నది. అప్పుడు రాజీనామా ఇవ్వబోగా నెహ్రూగారు వలదన్నారు. అరియలూరు తరువాత లాల్ బహదూర్ శాస్త్రిగారు రైల్వేమంత్రి పదవి వదులుకొనే తీరినారు. ఇదంతా నేటికీ చెప్పుకొంటారు, చెప్పుకోవలసినదే.

అదే 1956లో, కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న ఎట్టయపురంలో ఇంకొకటి జరిగినది. విరుదునగరంలో పుట్టిన కామరాజుగారు ముఖ్యమంత్రిగా ఉండి బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టే పథకం అక్కడ మొదలుపెట్టినారు. ఆకలితో బడికి వచ్చిన పిల్లలు ఆకులో అన్నం తిని ఇంటికి పోయినారు. అంతే. ఎవ్వరూ చనిపోలేదు, ఏ మంత్రీ దిగిపోలేదు. ఆ అన్నం 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారి చేతిలో పెద్దదై, 1995లో దేశపు పథకమై, మన ఆంధ్ర, తెలంగాణ బడులకు కూడా చేరినది. ఈ రెంటిలో ఎక్కువ ఇండ్లను తాకినది ఏది? ఈ సభలో ఎవరినైనా అడగండి, అరియలూరు పేరు చెప్పినంత త్వరగా ఎట్టయపురం పేరు చెప్పగలరా?

పత్రికలవారు దుర్మార్గులు గనుక ఇట్లు జరుగుతున్నదని మేము అనము. 1965లో నార్వే దేశపు పండితులు గల్టుంగ్, రూగె అనేవారు ఈ సంగతి పరిశీలించి ఒక కారణం చెప్పినారు. చెడ్డ సంగతి త్వరగా జరిగిపోతుంది, ఒక సంచికకూ మరుసటి సంచికకూ నడుమనే దాని ఆదీ అంతమూ ముగుస్తవి. మంచి పనికి ఏండ్లు పడుతుంది. వంతెన కూలడానికి ఒక్క క్షణం, కట్టడానికి మూడేండ్లు. మూడేండ్లలో ఏ రోజు వేయాలి ఆ వార్త? ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి బొమ్మ వేస్తారు, అది వేరే మాట.

రెండవ కారణం మనమే. 2019లో పదునేడు దేశాలలో మనుషులకు వార్తలు చూపించి, గుండె కొట్టుకోవడం, చర్మానికి చెమ్మ పట్టడం యంత్రాలతో కొలిచి చూచినారు. సగటున చెడ్డవార్తకే ఒళ్లు ఎక్కువగా కదిలినది. అయితే మనిషికీ మనిషికీ చాలా తేడా ఉన్నదట, మంచివార్తకు ఎక్కువ కదిలినవారూ ఉన్నారట. యంత్రాలదాకా ఎందుకు? సెలవుకు ఊరు వెళ్లి వచ్చినవారిని మనము అడిగే మొదటి మాట "ఏమిటి విశేషాలు?" అని. అన్నదమ్ములు గట్టు తగాదా పడ్డారనో, ఫలానావారి కోడలు పుట్టింటికి వెళ్లిపోయినదనో చెబితే పీట వాల్చుకొని వింటాము. చెరువు నిండింది, అందరూ బాగున్నారు అంటే "ఇంకేమిటి?" అంటాము.

ఇందువలన నష్టమేమని మీరు అడగవచ్చు. పత్రిక చదివి మడిచి పెడతాము, అయిపోతుంది గదా? అయిపోదు. మాకు ఈ ప్రాంతానికి బదిలీ అయినప్పుడు మా మేనమామగారు మా అమ్మతో "అక్కయ్యా, అక్కడ కులాల కొట్లాటలట, కత్తులట, పిల్లవాణ్ణి వద్దని చెప్పు" అన్నారు. పాపం, ఆయన ఏనాడూ మదురై దాటి రాలేదు. తూత్తుకుడి, తిరునెల్వేలి అనే పేర్లు ఆయన పత్రికలో చూచినది అటువంటి రోజులలోనే. మేము వచ్చి ఇల్లు అద్దెకు తీసుకొంటే, ఇంటి యజమాని తాతగారు మొదటి వారంలోనే "తంబీ, మీ రాయలసీమలో వీధుల్లో బాంబులు వేసుకుంటారటగదా?" అని జాలిగా అడిగినారు. ఆయన చూచినవి అరవంలోకి మార్చిన మన సినిమాలు. ఇద్దరూ మంచివారే. ఒకరి దేశాన్ని ఒకరు అవమానం గడిలోనుండి మాత్రమే చూచినారు.

ఇక మనము కూడిన ఈ కయత్తారు సంగతి. ఈ ఊరు చరిత్రలోకి ఎక్కినది ఒక ఉరికంబంతో. 1799 అక్టోబరు 16వ తేదీన పాంచాలంకురిచి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్‌ను కుంపిణీవారు ఇక్కడ చింతచెట్టుకు ఉరితీసినారు. గెట్టిబొమ్ము అన్న తెలుగు మాటే కట్టబొమ్ము అయినదని చెబుతారు. ఆయన ఇంటి భాష తెలుగు. విచారణ జరిపించిన మేజరు బానర్మన్ పైవారికి వ్రాసిన జాబులో, ఖైదీ బెదరకుండా నిలబడినాడనీ, ఎట్టయపురం, శివగిరి పాళెగాండ్రవైపు ఏవగింపుతో చూచినాడనీ వ్రాసినాడు. కయత్తారునుండి బయటికి వెళ్లిన మొదటి పెద్ద వార్త ఇదే అనుకోవచ్చు. అందులో ఉన్నది ఒక తగాదా, ఒక చూపు.

ఆ చూపు నేటికీ చల్లారలేదు. ఎట్టయపురంవారు కుంపిణీ పక్షాన నిలిచి కట్టబొమ్మన్‌ను వెదకించిన మాట నిజమే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. కాని పట్టి అప్పగించినది పుదుక్కోట తొండమాను. ఆ సంగతి మరుగున పడి, కథలలో, పాటలలో, 1959లో శివాజీ గణేశన్‌గారు నటించగా బి.ఆర్. పంతులుగారు తీసిన సినిమాలో పెరిగి పెరిగి, "ఎట్టప్పన్" అన్నది అరవంలో ద్రోహి అనే మాటకు పర్యాయపదమైపోయినది. ఎట్టయపురంవారిదీ ఇంటి భాష తెలుగే, చంద్రగిరి వైపునుండి వచ్చినవారమని వారు చెప్పుకొంటారు. అనగా వీరుడూ మనవాడే, తిట్టూ మనదే! మన కుటుంబాలలో ఒక పిల్లవాడు బడిలో ఆటలో ఓడిన కోపంతో ఎవరో "తెలుగు ఎట్టప్పా" అన్నారని ఏడ్చుకొంటూ ఇంటికి వచ్చినాడు. వాడికి తల్లిదండ్రులు చెప్పడానికి ఒక్క జవాబు దొరకలేదు.

జవాబు ఉన్నది. అదే ఎట్టయపురం ఆస్థానంలో ముత్తుస్వామి దీక్షితులవారు చివరి రోజులు గడిపి 1835లో అక్కడే దేహం చాలించినారు. ఆయన సమాధి అక్కడే ఉన్నది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ ఆస్థాన విద్వాంసులు, బాలుస్వామిగారి దత్తపుత్రులు సుబ్బరామ దీక్షితులు కూడా అంతే. ఇంట దాచిన విద్య తమతో అంతరించకూడదని, ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారుగారనే క్రైస్తవ సంగీతాభిమాని ప్రోద్బలంతో, సుబ్బరామ దీక్షితులు "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" అనే మహాగ్రంథం వ్రాసినారు. గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు ఏర్పరచి, ఎట్టయపురం సంస్థానంవారు తమ విద్యా విలాసిని ముద్రాక్షరశాలలో 1904లో దానిని అచ్చు వేయించినారు. సోదరులారా, ఏ భాషలో? తెలుగు భాషలో, తెలుగు లిపిలో! రాజమండ్రిలోనో బెజవాడలోనో కాదు, ఈ నల్లరేగడి చేల నడుమ. దీక్షితులవారి కృతులు ఎట్లు పాడాలి అని సందేహం వస్తే నేటికీ పెద్ద విద్వాంసులు విప్పి చూచే పుస్తకం అదే. మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు 1961 మొదలు దానిని అరవ లిపిలో భాగాలుగా తెచ్చినారు. ద్రోహి అన్న మాట ఎందరికి తెలుసు, ఈ పుస్తకం ఎందరికి తెలుసు? పట్టుకోవడం ఒక రోజు, ఉరి ఒక రోజు. పుస్తకం వెనుక మూడు తరాలు.

ఎట్టయపురంలోనే 1882లో పుట్టిన సుబ్రహ్మణ్య భారతిగారికి "భారతి" అన్న బిరుదు ఆ ఆస్థానంలోనే వచ్చినది. తరువాత ఆయన చేసిన వృత్తి ఏది? పత్రికా రచన. "స్వదేశమిత్రన్"లో చేరినది 1904లోనే, ఆ పుస్తకం అచ్చయిన ఏడే.

ఇంత చెప్పినాక, ఇక చెడ్డవార్తలు వేయకూడదా అని అడుగుతారేమో. అట్లా అంటే మేము ఒప్పుకోము. 1995 ఆగస్టులో ఇక్కడికి దగ్గరనున్న కొడియంకుళంలో పోలీసులు ఇండ్లలో జొరబడి విధ్వంసం చేసినప్పుడు, 2018 మే 22న తూత్తుకుడిలో కాల్పులు జరిగి పదముగ్గురు పోయినప్పుడు, పత్రికలు నోరు మూసుకొని ఉంటే విచారణ సంఘాలు వచ్చేవి కావు. మంచివార్తలే వేయాలని ఆజ్ఞ నడిచిన కాలం కూడా ఈ దేశం చూచినది. 1975 నుండి 1977 వరకు అత్యవసర పరిస్థితిలో, బండ్లన్నీ వేళకు నడుస్తున్నవని చదివి జనం సంతోషించవలసి వచ్చేది. మా శాఖకు అంత కీర్తి మునుపూ లేదు, తరువాతా రాలేదు! మా ఫిర్యాదు చెడ్డవార్త వేసినందుకు కాదు, వేసి వెళ్లిపోయినందుకు. 2012 సెప్టెంబరులో శివకాశి దగ్గర ముదలిపట్టి బాణసంచా కర్మాగారం పేలినప్పుడు వచ్చిన విలేఖరులు శవాలు లెక్కపెట్టినారు. మందు కలిపే గదిలో ఎందరుండాలి, ఎంతమంది ఉంటున్నారు అన్న ప్రశ్నతో ఆరు నెలలు ఇక్కడ నిలిచినవారెందరు? మెల్లగా జరిగే మంచి ఎట్లు పత్రికకెక్కదో, మెల్లగా జరిగే చెడు కూడా అట్లే ఎక్కదు.

మన సొంత ఉదాహరణ చూడండి. 2024 నవంబరులో చెన్నైలో ఒక సభలో ఒక నటి తెలుగువారిని గూర్చి ఒక మాట జారినది. కేసులు, క్షమాపణ, అరెస్టు, బెయిలు, రెండు వారాలకు పైగా రెండు భాషల టెలివిజన్లలోనూ అదే. మన వాట్సాప్ గుంపులో కూడా అదే! కాని 2006లో తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చిన తరువాత ఈ రాష్ట్రంలో తెలుగు తరగతిలో పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోవడం ఏ రోజు వార్త? న్యాయస్థానంలో వాదం జరిగిన రోజున మాత్రం వేసినారు. కోవిల్‌పట్టి, కయత్తారుల నడుమ ఇడైసేవల్ అనే పల్లె ఉన్నది. అక్కడి తెలుగు ఇంటివాడు కి. రాజనారాయణన్‌గారు, మన పూర్వులు దక్షిణానికి వలస వచ్చి ఈ రేగడిలో పాదు కొన్న కథను 1976లో "గోపల్ల గ్రామం" పేర అరవంలో నవలగా వ్రాసినారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది. 2021 మేలో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపినది. ఒక తెలుగు ఇంటివాణ్ణి అరవదేశం నెత్తిన పెట్టుకొన్న వార్త అది. పత్రికలు బాగానే వేసినవి, నిజమే, కాని ఆయన చనిపోయినాడు గనుక! నటి మాట వచ్చినప్పుడు మనలో ఎవరైనా కి.రా. పేరు ఎత్తినారా?

మనలో రెండు తరగతులవారున్నారు. నాలుగైదు వందల ఏండ్ల క్రిందట వచ్చి ఇక్కడివారే అయిపోయినవారు, మావలె ఉద్యోగాల కోసం నిన్న మొన్న వచ్చినవారు. మొదటివారి పిల్లలు తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. రెండవవారి పిల్లలు ఇంకొక పదేండ్లకు మాట్లాడడమూ మానుతారు. ఎట్టయపురంలో అచ్చయిన ఆ పుస్తకం అట్టమీది పేరును ఈ సభలో ఉన్న పిల్లలలో నలుగురు చదువగలరేమో. ఇందుకు ఏ పత్రికా కారణం కాదు.

కార్యదర్శిగారితో ముందే మాట్లాడి ఒక ఏర్పాటు చేసినాము. వచ్చే ఏటి ఈ సంచికలో నాలుగు పుటలు విడిచిపెడతారు. ఏడాదిలో మన కుటుంబాలలో, మన ఊళ్లలో మెల్లగా జరిగిన పనులు అందులో వేస్తారు. ఎవరి అమ్మాయి పరీక్ష నెగ్గినది, ఏ పల్లెలో దేవరాట్టం నేర్పుతున్నారు, కోవిల్‌పట్టి హాకీ మైదానంలో మనవాళ్లు ఎవరు ఆడుతున్నారు, ఎక్కడ తెలుగు తరగతి మూతపడినది, ఇవన్నీ. చెడ్డవి కూడా వ్రాయండి, కాని ఆరు నెలలు చూచి వ్రాయండి. పత్రికలవారు వేయనిది మనమే వేసుకొంటాము. అచ్చు ఖర్చుకు చందా వేరే అడగరట.

మరొకటి. వచ్చే ఆదివారం పిల్లలను తీసుకొని దీక్షితులవారి సమాధికి పోదలచినాము. కోవిల్‌పట్టి బస్టాండునుండి ఎట్టయపురానికి బస్సులు ఉన్నవి, ఎనిమిదింటికి అక్కడ కలుసుకొందాము. "ఎట్టప్పా" అనిపించుకొని ఏడ్చిన పిల్లవాడు వస్తున్నాడు. వాణ్ణి అట్లు పిలిచిన స్నేహితుణ్ణి కూడా పిలుచుకొని వస్తామని వాడి తండ్రిగారు చెప్పినారు. రాదలచినవారు భోజనాలకు ముందే పేర్లు ఇవ్వండి. సెలవు.