వాల్చడం వేరు, రాయడం వేరు



ముద్రాపకుడు ఆల్డస్ 1501లో ఇటాలిక్ అనే వాలు అచ్చుతో వేసిన వర్జిల్ కావ్యాల గురించీ, ఆ ఇటాలిక్ చెక్కిన గ్రిఫో గురించీ పొద్దుటి పత్రాల్లో విన్నారు. నా పేచీ మాత్రం ఎప్పుడూ అరిగీ దగ్గరే మొదలవుతుంది. ఆయన పోప్ చాన్సరీలో, అంటే కచేరీలో, లేఖలు రాసే ఉద్యోగి. 1522 తేదీతో ఉన్న లా ఒపెరినా అనే రాత పుస్తకంలో తన చేతిరాతను చెక్కదిమ్మల మీదికి ఎక్కించాడు. 1524 నాటికి ఆ రాతనే సీసపు అక్షరాల్లోకి దించి రోమ్‌లో పుస్తకాలు వేశాడు. అంటే ఈ చాన్సరీ అక్షరం పుట్టింది కచేరీ గుమస్తా కలంలో.

ఈ సంగతి తెలిసి కూడా 1926లో అచ్చక్షరాల పండితుడు మోరిసన్, నిలువు అక్షరాన్ని (రోమన్‌ను) పక్కకు వాలిస్తే అదే ఆదర్శ ఇటాలిక్ అని వాదించాడు. అక్షరాలు గీసే వాన్ క్రింపెన్ ఆ మాట నమ్మి తన రొములస్ అక్షర కుటుంబానికి వాల్చిన రోమన్‌నే జోడించాడు. అదే మనిషి అదే కుటుంబానికి 1934లో కాన్సెల్లరెస్కా బస్టార్డా అనే చాన్సరీ ఇటాలిక్ కూడా గీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో చిన్న ‘ఏ’ నెత్తిన కొక్కెం అలాగే ఉంటుంది. రెండోదాంట్లో ‘ఏ’కి ఒక్కటే గిన్నె, ‘ఎఫ్’ గీత దాటి కిందికి దిగుతుంది, కొమ్ములూ తోకలూ ధారాళంగా సాగుతాయి. కలం ఎక్కడ ఆగి ఎక్కడ కదిలిందో కనిపిస్తుంది. మన సభ్యుల్లో ఒకరు ఏటా మోరిసన్‌ను సమర్థిస్తూ పత్రం చదువుతారు. అందులో పుస్తకాల పేర్లు మాత్రం అసలైన ఇటాలిక్‌లోనే ఉంటాయి!

వాడకం గురించి ఒక్క మాట. 1979లో వచ్చిన జాఫ్ చాన్సరీ అనే అచ్చక్షరం ఆ తర్వాత లేజర్ ప్రింటర్లలోకి చేరి శుభలేఖల పాలబడింది. పెళ్లికూతురి పేరంతా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో దాంతో కూరుస్తారు, తోకలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఆ పెద్దక్షరం మాట మొదట్లో ఒక్కటి ఉంటేనే అందం. పద్యానికీ పిలుపుకీ ఈ అక్షరం బావుంటుంది. పుస్తకమంతా దాంతోనే కూర్చడం ఆల్డస్‌కు చెల్లింది, ఇప్పటి కన్ను ఓర్చదు.

మరి మన తెలుగుకో? డీటీపీ వాళ్ల ‘ఐ’ బటనే మన ఇటాలిక్. అది నొక్కగానే తలకట్టు కుడికి జరుగుతుంది, కింది వత్తు ఎడమకు జారి పక్క అక్షరానిదేమో అనిపిస్తుంది. దశాబ్దాలుగా ఇదే వేదిక మీద మొత్తుకుంటున్నాను. తెలుగుకు సహజమైన వాలురాత కావాలంటే రోమ్ దాకా పోనక్కర్లేదు, మన కరణాల గొలుసుకట్టు ఉంది. అదీ కచేరీ రాతే, వేగం కోసం అక్షరాన్ని అక్షరంతో కలుపుకుంటూ పోయిన రాతే. దాని మీద కొత్త అచ్చక్షరాలు గీసేవాళ్లకు పనికొచ్చే పట్టిక ఒక్కటీ నా కంటపడలేదు. శిలాశాసనాలకు దొరికే గౌరవంలో వీసమెత్తు కూడా కరణాల లెక్కల పుస్తకాలకు దొరకదు.

కరణీకాలు 1984లో రద్దయ్యాయి. ఆ రాత చదవగలిగినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. మీ ఊళ్లలో, మీ అటకల మీద ఆ రాతలో ఉన్న కాగితాలు దింపండి. ఫొటో తీయండి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి చదివించి ప్రతి అక్షరం పక్కనా రాసిపెట్టండి. వచ్చే సదస్సుకు పత్రాలకు బదులు అవి తెండి.