పోషించే తండ్రి, మోసుకొచ్చే రెక్కలు



ఈ దినం మన ధ్యానాంశం మత్తయి సువార్త 6వ అధ్యాయం 26వ వచనం. విత్తడం, కోయడం, కొట్లలో కూర్చుకోవడం ఎరుగని పక్షులను పరలోకపు తండ్రి పోషిస్తున్నాడని ప్రభువు అక్కడ బోధించారు. అయితే ఆ బోధకు ముందు మనకు ఒక పని అప్పగించారు. ఆ పక్షుల వైపు చూడమన్నారు. ఈ వచనాన్ని మనలో చాలామందిమి కంఠస్థం చేశాం. మరి ఆ పక్షులను ఎన్నిసార్లు చూశాం?

గత జనవరిలో మా సంఘ యౌవనస్థులు 12 మందితో పులికాట్ సరస్సుకు వెళ్లాను. ఉప్పునీరు, మంచినీరు కలిసే సరస్సుల్లో, ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలో ఇదే పెద్దది. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ సరస్సు మీదుగానే సాగుతుంది. పొద్దున్నే ఎండ వీపున పడేలా ఉత్తరం వైపు తిరిగి నిలబడ్డాం. బైనాక్యులర్స్ పట్టుకోవడం పిల్లలకు అదే మొదటిసారి. ప్రతి పక్షికీ "దీని పేరేంటి, దీని పేరేంటి" అని ఒకటే అడగడం. మాతో వచ్చిన సంఘపెద్ద, రిటైరైన బడిపంతులు. ఆయన నవ్వి, "పేరు తరువాత చెబుతాను. ముందు చూడండి. ముక్కు ఎలా ఉంది? కాళ్లు ఏ రంగు? ఏం చేస్తోంది?" అన్నారు.

అప్పుడు పిల్లలు నిదానంగా చూడసాగారు. దూరాన తెల్లని గీతలా కనిపించింది కాస్తా రాజహంసల గుంపు అయింది. అవి తల తలకిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో నీటిని వడగట్టి, అందులోని సన్నని జీవులను తింటాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండి నుండే వస్తుంది. పిల్లలు పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటాయి. బురదలో ఉల్లంకి పిట్టలు తిరుగుతున్నాయి. పొట్టి ముక్కుది పైపైన, పొడుగు ముక్కుది లోతున, ఒకే బురదలో దేని మేత అది వెదుక్కుంటోంది.

ఒడ్డున వల సర్దుకుంటున్న ఒక జాలరి అన్న మమ్మల్ని పలకరించాడు. మాలో ఒక చెల్లి అతనికి ఈ వచనం చెప్పింది. అతను శ్రద్ధగా విని, "సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి చేప తగ్గిందమ్మా. పక్షులకు పెడుతున్నాడు, సంతోషం. మరి మా ఇంట్లో పొయ్యి వెలగని రోజున ఆయన ఎక్కడున్నాడు?" అని అడిగాడు. మాలో ఎవరికీ మాట రాలేదు.

అక్కడి నుండి దగ్గరలోనే ఉన్న నేలపట్టుకు వెళ్లాం. అది 1976 నుండి పక్షుల సంరక్షణ కేంద్రం. చెరువులో నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుంటాయి. మేతకు పులికాట్ దాకా ఎగిరి వెళ్తాయి. మేము చూస్తుండగానే ఒక గూడబాతు గూటికి చేరింది. పిల్ల తన తలను దాని గొంతులోకి దూర్చి చేపలు తింటోంది. అదే చెల్లి మెల్లగా, "అయ్యగారూ, ఈ పిల్లకు ఎగరడం రాదు కదా. దేవుడు దానికి పెట్టేది ఈ రెక్కల చేతనే కదా" అంది.

ప్రియులారా, నన్ను నిలదీసిన మాట అది. తండ్రి పోషిస్తాడు, నిజమే. అయితే గూటిలోని పిల్ల దగ్గరకు ఆహారాన్ని ఎవరో మోసుకొని రావాలి. కరువు కాలంలో ఏలీయాకు రొట్టె, మాంసము కాకోలముల చేత పంపినవాడు ఆయనే. ఆకలిగొన్న సహోదరునికి ఏమీ ఇవ్వక సమాధానముగా వెళ్లమని చెప్పడం వ్యర్థమని యాకోబు పత్రిక 2వ అధ్యాయం మనల్ని హెచ్చరిస్తోంది. ఆ జాలరి అన్న ప్రశ్నకు నోటితో చెప్పే జవాబు చాలదు. సంఘం తన రెక్కలతో జవాబు చెప్పాలి.

అందుకు ముందు మనం చూడాలి. పంతులుగారు పిల్లలకు నేర్పిన పాఠం మనకూ అవసరమే. పొరుగువాణ్ని చూడకముందే మనం పేరు పెట్టేస్తాం. సోమరి అంటాం, తాగుబోతు అంటాం, విశ్వాసం లేనివాడు అంటాం. పేరు పెట్టాక ఇక చూడం. ఈ వారం మీ వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదో, ఏ బిడ్డ ఫీజు కట్టలేక బడి మానిందో, ఏ అవ్వ మందులు కొనలేక ఆపేసిందో గమనించండి. వంటకు ముందు పిడికెడు బియ్యం దేవుని కోసం పక్కన పెట్టే తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. ఆ పిడికిలి సరిగ్గా అవసరమున్న గుమ్మానికి చేరుతోందా? శ్రోతల్లో మీరే కష్టంలో ఉంటే, అడగడానికి సిగ్గుపడకండి. గూటిలోని పిల్ల కూడా అరిచి అడుగుతుంది.

ప్రార్థన చేసుకుందాం. పరలోకపు తండ్రీ, చూచే కన్నులు మాకు దయచేయండి. మీరు పంపదలచిన ఆహారాన్ని మా చేతులతో మోయనివ్వండి. ఎదురుచూస్తున్న ప్రతి ఇంటినీ జ్ఞాపకం చేసుకోండి. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.