కదిలే గుండెకు నిలకడైన చిత్రం

గుండె ఎం.ఆర్.ఐ. చిత్రం ఒక్క క్షణంలో తయారు కాదు. స్కానర్ సంకేతాలను వరస తర్వాత వరసగా సేకరిస్తుంది. వందకు పైగా వరసలు కూడితేనే చిత్రం పూర్తవుతుంది. ఈలోగా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. మామూలు శ్వాసలోనే డయాఫ్రం ఒకటి రెండు సెంటీమీటర్లు పైకీ కిందికీ కదులుతూ, తనపై ఆనుకున్న గుండెనూ కదిలిస్తుంది. గుండె ఒక్కో వరసకు ఒక్కో చోట ఉంటే చిత్రం మసకబారుతుంది. లేని నీడలు కనబడతాయి.

మొదటి కదలికకు మందు ఇ.సి.జి. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో స్పందన 0.8 సెకను. ఇ.సి.జి.లో ప్రతి స్పందనకూ ఎత్తుగా లేచే ఆర్-తరంగం నుంచి కాలం లెక్కగట్టి, ప్రతి స్పందనలోనూ అదే దశలో కొన్ని వరసలు సేకరిస్తారు. అలా ఎన్నో స్పందనల ముక్కలు కలిసి ఒకే చిత్రమవుతాయి. నిశ్చల చిత్రాలకు ఎక్కువగా ఎంచుకునేది డయాస్టోల్ (గుండె వదులయ్యే దశ) నడిమి విరామాన్ని. గుండె వేగం పెరిగితే కురచయ్యేదీ ఆ విరామమే. గుండె ఆడే తీరు చూపే సినీ చిత్రాలకు ఆగకుండా సేకరించి, తర్వాత దశలవారీగా సర్దుతారు.

అయస్కాంతం ఇక్కడ ఒక చిక్కు తెస్తుంది. బలమైన క్షేత్రంలో ప్రవహించే రక్తం చిన్నపాటి వోల్టేజిని పుట్టించి, ఆర్-తరంగం తర్వాత వచ్చే టి-తరంగాన్ని ఉబ్బిస్తుంది. యంత్రం దాన్నే ఆర్-తరంగమని పొరబడవచ్చు. తరంగం ఎత్తుతో పాటు దిశనూ గమనించే వెక్టర్ ఇ.సి.జి. ఈ పొరపాటును తగ్గిస్తుంది. వేలికి తగిలించే నాడి సెన్సర్ మరో దారి. అయితే నాడి వేలికి చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది.

రెండో కదలిక శ్వాస. ఊపిరి బిగబట్టిన పది పదిహేను సెకన్లలో చాలా చిత్రాలు పూర్తవుతాయి. గాలి పీల్చి బిగబడితే డయాఫ్రం ప్రతిసారీ ఒకే చోట ఆగదు. వదిలాక బిగబడితే దాదాపు అదే చోటికి వస్తుంది. బిగబట్టలేనివారికి నావిగేటర్ ఉంది. అది డయాఫ్రం స్థానాన్ని పదేపదే కొలిచి, సుమారు 5 మిల్లీమీటర్ల హద్దులో ఉన్నప్పటి సంకేతాలనే ఉంచుతుంది. అందుకే సమయం ఎక్కువ పడుతుంది. గుండె లయ తప్పినవారికి స్పందనల కోసం ఎదురుచూడని రియల్ టైమ్ చిత్రణ పనికొస్తుంది. అందులో వేగం కోసం కొంత స్పష్టతను వదులుకోవాలి.

ఈ పద్ధతులన్నీ చివరికి బల్లపై పడుకున్న మనిషి సహకారాన్ని ఆశ్రయించినవే. టెక్నాలజిస్టుల తొలి కర్తవ్యం అక్కడే ఉంది: ఎలక్ట్రోడ్లు సరిగ్గా అంటించడం, "గాలి పీల్చండి, వదలండి, ఇక బిగబట్టండి" అనే మాటను రోగి భాషలో ముందే ఒకటి రెండుసార్లు అభ్యాసం చేయించడం. ఆ సాధనతో రోగి ఊపిరి ప్రతిసారీ ఒకేచోట ఆగితే గుండె గోడల కొలత నమ్మదగినదవుతుంది.