గడ్డిని మోపు చూసి కాదు, ఆకు చూసి కొనండి

పాడి పశువులు, గొర్రెలు, మేకల యూనిట్లు తీసుకున్న లబ్ధిదారుల కోసం
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల అవగాహన సమావేశాల్లో చెప్పిన మాటలు



పథకం కింద మీకు ఎనుము వచ్చింది, ఆవు వచ్చింది, కొందరికి జీవాలు వచ్చినాయి. సంఘంలో అప్పు తీసుకున్నవాళ్లు ఉన్నారు, బ్యాంకులో తీసుకున్నవాళ్లు ఉన్నారు. పశువును ఇప్పించడం వరకు పథకం పని. దాని నోటికి ఏం పెడతామనేది మన పని. నెలనెలా కంతు కట్టాల్సింది పాలతోనే కదా. ఆ పాలు మార్చి నుంచి జూన్ వరకు ఎందుకు పడిపోతాయో, దాన్ని ఎట్ల ఆపుకోవాలో ఈ రోజు చెప్తా.

ముందు ఒక అక్క సంగతి చెప్తా. ఊరు పేరు వద్దు. మంచి ఎనుము, పూటకు మూడున్నర లీటర్ల లెక్కన రోజుకు 7 లీటర్లు ఇస్తాండేది. మార్చిలో ఎవరో చవగ్గా వస్తాంది అంటే రెండు ట్రాక్టర్ల వరిగడ్డి తోలించుకుంది. వామి పెద్దగా కనపడింది, ఆమెకు ధైర్యం వచ్చింది. నెల తిరిగేసరికి పాలు 4 లీటర్లకు దిగినాయి. జబ్బేమో అని మందులు తాపించింది. నేను పోయి చూస్తే ఎనుముకు జబ్బేం లేదు. గాడి నిండా గడ్డి ఉంది, ఎనుము కడుపులో మాత్రం సత్తువ లేదు. ఆ గడ్డి తెల్లగా పాలిపోయి, పట్టుకుంటే దుమ్ము రాలుతాండాది.

ప్రొద్దుటూరు బంగారం అంగట్లో ఎంత చిన్న ఉంగరమైనా గీటురాయి మీద గీయకుండా కొంటామా? వేల రూపాయలు పోసి గడ్డి తోలించుకునేటప్పుడు మాత్రం ట్రాక్టరు ఎంత నిండుగా ఉందో చూసి సరిపెట్టుకుంటాం. గడ్డికీ గీటురాయి ఉంది. అది మన కన్ను, మన చెయ్యి, మన ముక్కు.

గడ్డి కొనే ముందు ఐదు పరీక్షలు

ఒకటి, ఆకు. ఒక పిడికెడు తీసి విడదీసి చూడండి. ఆకు ఎంత ఉంది, కాడ ఎంత ఉంది? సత్తువంతా ఆకులోనే ఉంటుంది. కాడలే ఉంటే పశువు ఏరి తిని మిగిలింది కాళ్ల కింద వేసుకుంటుంది.

రెండు, కంకి. పచ్చిక గడ్డి అయితే గింజ ముదిరి రాలిపోయిందా, పూత మీద కోసిందా చూడండి. పూత మీద కోసిన గడ్డిలో మాంసకృత్తులు 7 నుంచి 10 శాతం దాకా ఉంటాయి. గింజ రాలినాక కోస్తే 3, 4 శాతానికి పడిపోతాయి.

మూడు, రంగు. లోపల కొంచెమైనా పచ్చదనం ఉండాల. పైన ఎండకు తెల్లబడితే పరవాలేదు, కట్ట విప్పి లోపల చూడండి. నల్ల మచ్చలు, బూజు ఉంటే వద్దు.

నాలుగు, వాసన. మంచి ఎండుగడ్డి తియ్యటి వాసన వేస్తుంది. ముక్కిన వాసన, పొగ వాసన వస్తే తడి మీద వామి వేసినారని అర్థం.

ఐదు, దుమ్ము. కట్టను నేల మీద తట్టండి. దుమ్ము లేస్తే అది మన్నో, బూజో. రెండూ పశువుకు చేటే.

దీంతో పాటు అమ్మే ఆయన్ను ఒక మాట అడగండి: "ఎప్పుడు కోసినారు, కోసినాక వాన పడిందా?" చీనీ, అరటి తోటల్లోని గడ్డి అయితే ఇంకో మాట: "కలుపు మందు గానీ పురుగు మందు గానీ కొట్టినారా?" మందు కొట్టిన తోట గడ్డి ఊరికే ఇచ్చినా తేవద్దు.

7 శాతం ఎందుకు ముఖ్యం?

పశువు పొట్టలో గడ్డిని అరిగించేది కంటికి కనపడని సూక్ష్మజీవులు. వాటికి బతకడానికి మేతలో దాదాపు 7 శాతం మాంసకృత్తులు కావాల. అంతకంటే తగ్గితే అవి నీరసపడతాయి. గడ్డి పొట్టలోనే నిలబడిపోతుంది. పొట్ట నిండుగా ఉంటుంది కాబట్టి పశువు ఇంకా తినదు. చూసేవాళ్లకు కడుపు నిండినట్టే ఉంటుంది, డొక్క ఎముకలు మాత్రం తేలుతుంటాయి. ఆ అక్క ఎనుముకు జరిగింది ఇదే. వరిగడ్డిలో 3, 4 శాతానికి మించి ఉండదు.

మన మూడు ప్రాంతాల్లో ఏముంది?

ప్రొద్దుటూరు వైపు కేసీ కాలువ కింద వరి ఉంది, వరిగడ్డి దొరుకుతుంది. ఇది కడుపు నింపే మేతే గానీ పాలు ఇచ్చే మేత కాదు. ఒక్కటే పెట్టొద్దు.

జమ్మలమడుగు వైపు నల్లరేగడి. జొన్న చొప్ప, పప్పుశనగ పొట్టు దొరుకుతాయి. జొన్న చొప్ప వరిగడ్డి కంటే మేలు, కాకపోతే ముక్కలు చేసి పెట్టాల. శనగ పొట్టు దుమ్ముగా ఉంటుంది, కొంచెం నీళ్లు చిలకరించి పెట్టండి. గండికోట కొండల వైపు నుంచి వచ్చే కొండ గడ్డిలో మొన తేలిన ముళ్ల గింజలు ఉండే రకం ఒకటి ఉంటుంది. గింజ ముదరక ముందు కోస్తే బాగుంటుంది. ముదిరినాక గొర్రెల బొచ్చులో, చర్మంలో, నోట్లో దిగుతుంది.

పులివెందుల వైపు వేరుశనగ కట్టె. మన జిల్లాలో దొరికే ఎండు మేతల్లో ఇది బంగారం. ఆకు నిలిచి ఉంటే 8 నుంచి 12 శాతం మాంసకృత్తులు ఉంటాయి. కానీ కాయ పీకినప్పుడు వాన తగిలి బూజు పట్టిన కట్టె పెట్టొద్దు. ఆ బూజు విషం పశువు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, పాలలోకీ వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. వేర్లకు అంటిన మన్ను కూడా దులిపి పెట్టండి.

ఇక పచ్చిక గడ్డి. గట్ల మీద, తోటల్లో పెరిగే గరికను తక్కువ చేసి చూడొద్దు. వేడి దేశాల్లో ఎండుగడ్డి కోసం పొలాల్లో ప్రత్యేకంగా పెంచే గడ్డి ఇదే. సన్నగా, మెత్తగా ఉంటుంది, త్వరగా ఎండుతుంది. ఎర్ర నేలల్లో తొలకరికి అంజన్ గడ్డి చల్లుకుంటే వానలు తక్కువైనా నిలబడుతుంది, ఏళ్ల తరబడి వస్తుంది. దాంతో పాటు స్టైలో చల్లుకుంటే అది పప్పుజాతి కాబట్టి మేత బలం పెరుగుతుంది. సూపర్ నేపియర్ లాంటి లావు కాడ గడ్డి పచ్చిగా పెట్టడానికి మంచిది. ఎండబెట్టడానికి అంత అనువు కాదు, కాడ లోపల తడి నిలుస్తుంది.

చూసినారా, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. ప్రొద్దుటూరు వైపు వాళ్లు నలుగురు కలిసి పులివెందుల వైపు నుంచి ఒక లోడు వేరుశనగ కట్టె తోలించుకుంటే బాడుగ పంచుకోవచ్చు.

జొన్న విషయంలో ఒక హెచ్చరిక

లేత జొన్న, వాన లేక గిడసబారిన జొన్న, కోసినాక మళ్లీ వచ్చిన పిలకలు, ఇవి పచ్చిగా తింటే నాము తగులుతుంది. పశువు రొప్పుతుంది, నురగ కారుస్తుంది, తూలి పడిపోతుంది. గంటల్లో కాదు, నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. పూత వచ్చేదాకా పచ్చి జొన్న మేపొద్దు. బాగా ఎండబెట్టిన చొప్పలో ఈ విషం చాలా వరకు తగ్గిపోతుంది. అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేయండి, దగ్గరలోని పశువైద్యుణ్ణి పిలిపించండి. నాటు మందులతో పొద్దు గడపొద్దు.

సొంత గడ్డి ఎట్ల ఎండబెట్టుకోవాల?

కంకి తొంగి చూసి పూతకు వచ్చే సమయంలో కోయండి. మంచు ఆరినాక పొద్దున కోసి పలచగా పరచండి. సాయంత్రం తిరగేయండి. మన ఎండకు సన్న గడ్డి రెండు మూడు రోజుల్లో ఎండుతుంది. అంతకు మించి ఎండలో ఉంచితే రంగూ పోతుంది, ఆకూ రాలుతుంది. పిడికెడు తీసి మెలిపెడితే కాడ పుటుక్కున విరగాల. వంగి తిరిగితే ఇంకా తడి ఉన్నట్టే.

ఇంకో పరీక్ష ఉంది. మూత ఉన్న గాజు సీసాలో గడ్డి ముక్కలు, ఒక చెంచా పొడి ఉప్పు వేసి రెండు మూడు నిమిషాలు ఊపండి. ఉప్పు పొడిగా కింద రాలితే వామి వేయొచ్చు. గడ్డికి అంటుకుని ముద్ద కట్టితే ఇంకొక పూట ఎండబెట్టండి. తడి గడ్డి వామిలో వేడెక్కుతుంది, బూజు పడుతుంది, ఒక్కోసారి దానంతటదే అంటుకుంటుంది కూడా. వామిని నేల మీద కాకుండా రాళ్ల మీదో, కట్టెల మీదో వేయండి. పైన పట్ట కప్పి పక్కలు గాలికి వదలండి. కరెంటు తీగల కింద, పొయ్యి పక్కన వద్దు.

ఎంత పెట్టాల, ఎట్ల పెట్టాల?

400 నుంచి 450 కిలోల పాల ఎనుముకు రోజుకు తేమ లెక్క తీసేస్తే 10 నుంచి 13 కిలోల మేత కావాల. పచ్చిమేత 15 నుంచి 20 కిలోలు ఉంటే ఎండు మేత 5, 6 కిలోలు చాలు. పచ్చిమేత లేని రోజుల్లో ఎండు మేత 8 కిలోల దాకా పెరుగుతుంది. అప్పుడు అందులో మూడో వంతైనా వేరుశనగ కట్టె ఉండేట్టు చూడండి. దాణా రెండు లీటర్ల పాలకు ఒక కిలో లెక్క. ఖనిజ లవణ మిశ్రమం 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు మరవద్దు.

జొన్న చొప్పను రెండు అంగుళాల లోపు ముక్కలు చేయండి. కట్టెను, గడ్డిని కలిపి పెట్టండి. విడివిడిగా పెడితే రుచిగా ఉన్నదే తిని లేచిపోతుంది.

కొత్త గడ్డికి ఒక్కసారి మార్చొద్దు. పాతదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ వారం, పది రోజుల్లో మార్చండి.

ఎండాకాలం ఎండు మేతను పొద్దు గూకినాక, రాత్రి పెట్టండి. ఎండు మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. మధ్యాహ్నం ఎండలో పెడితే పశువు తినదు. నీళ్లు మాత్రం ఎప్పుడూ తొట్టి నిండా ఉండాల. నీళ్లు తగ్గితే ఎండు మేత తినడమూ తగ్గుతుంది.

గొర్రెలు, మేకలకు మేపుకొచ్చినాక సాయంత్రం తలా పావు కిలో నుంచి అర కిలో వేరుశనగ కట్టె పెట్టండి. చూడివాటికి, ఈనినవాటికి ముందు పెట్టండి.

వరిగడ్డి ఒక్కటే ఉంటే?

100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి పోకుండా పట్టతో 21 రోజులు మూయండి. తీసినాక ఒక గంట ఆరబెట్టి పెట్టండి. 6 నెలల లోపు దూడలకు పెట్టొద్దు. యూరియాను విడిగా చల్లడం, యూరియా నీళ్లు పశువుకు అందేట్టు ఉంచడం ప్రాణాపాయం. మొదటిసారి చేసేవాళ్లు పశు సహాయకులను పక్కన పెట్టుకుని చేయండి.

డబ్బు లెక్క

ఒక టన్ను గడ్డి 6 వేలకు వచ్చిందనుకుందాం. అందులో 400 కిలోలు కాళ్ల కింద పోతే తిన్నది 600 కిలోలు. కిలో 10 రూపాయలు పడింది. ఇంకో టన్ను 8 వేలు. వృథా 100 కిలోలే. తిన్నది 900 కిలోలు. కిలో 9 రూపాయలు కూడా పడలేదు. ఏది చవక?

ఇంకో సంగతి. కోతల అప్పుడు గడ్డి చవక, ఏప్రిల్‌లో పిరం. 2002 లాంటి కరువు సంవత్సరం చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. చేతిలో డబ్బు లేక ఆగుతున్నామంటారు. పాడి, జీవాలు పెంచేవాళ్లకు కూడా కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు, మేత ఖర్చుకు వాడుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు తాకట్టు అడగరు. గడువులోపు కడితే వడ్డీ 4 శాతానికి వస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే ముందు మీ బ్యాంకులో దీని గురించి అడగండి. ఈ ఏడాది రాయితీ మీద ఏ పశుగ్రాస విత్తనాలు వచ్చినాయో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో తొలకరికి ముందే కనుక్కోండి.

ఆ అక్క ఎనుము ఏమైంది అంటారా? వరిగడ్డిలో వేరుశనగ కట్టె కలిపి, ఖనిజ లవణాలు పెట్టి, రాత్రి మేపు మొదలుపెట్టింది. పాలు ఐదున్నర లీటర్లకు వచ్చినాయి. ఏడుకు రాలేదు. ఒక ఈతలో మేత లేక పడిపోయిన పాలు ఆ ఈతలో పూర్తిగా తిరిగి రావు. అందుకే పడిపోయినాక కాదు, కొనే రోజే చూసుకోమని చెప్పేది.

ఈసారి గడ్డి బేరం ఆడే ముందు ఒక పిడికెడు తెచ్చి పశువుల ఆసుపత్రిలోనో, రైతు సేవా కేంద్రంలోనో చూపించండి. ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు. ఆ పిడికెడు మీ ఎండాకాలం అంతటినీ చెప్తుంది.