రెండు కరెంట్లు కలవకూడదు

(తిరుత్తణిలో మన ట్రస్టు స్కాలర్‌షిప్ ప్రదాన సభలో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చదువు విలువ గురించి పెద్దలు చక్కగా చెప్పారు. నేను ఒక పని గురించి చెబుతాను. మీలో ఎలక్ట్రీషియన్ ట్రేడు, ఎలక్ట్రికల్ డిప్లొమా చదివేవాళ్ళు ఉన్నారు. సర్టిఫికెట్ చేతికి రాకముందే మీకు పిలుపు వస్తుంది. "నాయనా, మిద్దె మీద సోలార్ పెట్టినాము, ఇన్వర్టర్‌ను ఇంటి లైనుకు కలిపి ఇచ్చిపో" అంటారు బంధువులు. ఆ కలపడంలో ప్రాణాలు ఉన్నాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మన పిల్లల్లో చాలామందికి బడి చదువు తమిళంలో, ఇంట్లో మాట తెలుగులో. అందుకే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే చెప్పాలనుకున్నాను.

మన ఊళ్ళలో ఇన్వర్టర్ కొత్త కాదు. 2008 తరువాత కొన్నేళ్ళు తమిళనాడులో కరెంటు కోత తీవ్రంగా ఉన్నప్పుడు ఇంటింటికీ బ్యాటరీ వచ్చింది. 2016 డిసెంబరులో వర్ధా తుఫానుకు స్తంభాలు కూలినప్పుడు దాని విలువ మళ్ళీ తెలిసింది. 2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మిద్దెల మీద పలకలు పెరుగుతున్నాయి. 3 కిలోవాట్లకు కేంద్రం రూ.78,000 సబ్సిడీ ఇస్తుంది. మరి పలకలు పెరిగినంత వేగంగా వైరింగ్ జ్ఞానం పెరగాలి కదా?

సూత్రం ఒక్కటే. ఒక తీగలోకి రెండు చోట్ల నుంచి కరెంటు రాకూడదు. ఈబీ కరెంటు, ఇన్వర్టర్ కరెంటు ఇష్టం వచ్చినట్టు కలవకూడదు. ఇళ్ళలో నేను ఎక్కువగా చూసే తప్పులు మూడు.

మొదటిది, రెండు వైపులా ప్లగ్గు ఉన్న తీగ. ఒక ప్లగ్గు ఇన్వర్టర్‌లో, ఇంకొకటి గోడ సాకెట్‌లో పెడతారు. ఇల్లంతా వెలుగుతుంది. మెయిన్ స్విచ్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి మన ఇంటికి 230 వోల్టులు ఇస్తుంది. వెనక నుంచి 230 ఇస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. చిన్న ఇన్వర్టర్ వీధి భారం మోయలేక ఆగిపోతుందిలే అంటారు కొందరు. స్తంభం దగ్గర తీగ తెగినప్పుడో, ఫ్యూజు పీకినప్పుడో మోయడానికి వీధి భారమే ఉండదు. లైన్ ఆపామన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన లైన్‌మన్ చేతికి తగిలేది మీ ఇంటి కరెంటు. అతనికీ మనలాగే ఇల్లూ పిల్లలూ ఉంటారు.

రెండవది, న్యూట్రల్ కలిసిపోవడం. చాలామంది ఫేజు తీగను మాత్రమే విడదీసి, న్యూట్రల్‌ను పాత లింకులోనే వదిలేస్తారు. ఆర్.సి.సి.బి. పని ఏమిటి? పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా అని లెక్క చూడడం. 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే ఆపేస్తుంది. ఇన్వర్టర్ నుంచి పోయిన కరెంటు వేరే న్యూట్రల్‌లో తిరిగి వస్తే లెక్క తప్పి మాటిమాటికీ పడిపోతుంది. అప్పుడు ఇంటివాళ్ళు "ఇది చెడిపోయింది, తీసెయ్యి" అంటారు. తీసేయకండి. అది తప్పు చెప్పడం లేదు, తప్పును చూపిస్తోంది.

మూడవది, పలకల వైపు మామూలు ఏసీ ఎం.సి.బి. పెట్టడం. మన ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది. స్విచ్ తెరిచినప్పుడు పుట్టే నిప్పు ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. పలకల నుంచి వచ్చే డీసీకి సున్నా లేదు, నిప్పు మండుతూనే ఉంటుంది. అక్కడ డీసీకి తయారైన బ్రేకరే వాడాలి. ఎండ ఉన్నంతసేపు పలకను ఆపే స్విచ్ లేదని కూడా గుర్తుంచుకోండి. బ్రేకర్ ఆపినా, పలక నుంచి బ్రేకర్ దాకా ఉన్న తీగలో వోల్టేజి ఉంటుంది.

ఇక సరైన పద్ధతి. ముందు ఇంటివాళ్ళతో కూర్చుని, కరెంటు పోయినప్పుడు ఏవి నడవాలో రాసుకోండి. లైట్లు, ఫ్యాన్లు, టీవీ చాలు. గీజరు, మోటారు, గ్రైండరు ఇందులో వద్దు. ఎంచుకున్న వాటి ఫేజు, న్యూట్రల్ రెండూ విడదీసి వేరే డీబీకి తెచ్చి, ఇన్వర్టర్ అవుట్‌పుట్ దానికే ఇవ్వండి. ఇన్వర్టర్ రిపేరుకు పోయిన రోజున ఆ డీబీని మెయిన్‌కు మార్చడానికి, ఫేజు న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి మార్చే చేంజోవర్ స్విచ్ పెట్టండి. ఎర్త్ తీగకు మాత్రం ఎక్కడా స్విచ్ ఉండకూడదు.

బ్యాటరీ తీగ లెక్క కట్టండి. 600 వాట్లకు 230 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల లోపే. అదే 12 వోల్టుల బ్యాటరీ దగ్గర 50 ఆంపియర్లు, నష్టాలు కలిపితే ఇంకా ఎక్కువ. అందుకే ఆ తీగ మందంగా, పొట్టిగా ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. నీళ్ళు పోసే బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. దాన్ని గాలి ఆడే చోట పెట్టించండి, దేవుడి దీపం దగ్గర వద్దు.

బ్యాటరీ లేకుండా నేరుగా ఈబీ లైనుతో నడిచే సోలార్ ఉంటే, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. "ఇంత ఖర్చు పెట్టినా చీకటేనా?" అని అడుగుతారు. ఆ ఆగడం లైన్‌మన్ ప్రాణం కాపాడడానికే. దాన్ని మోసం చేసే అడ్డదారులు తొక్కకండి. చీకట్లో వెలుగు కావాలంటే, బ్యాకప్‌కు వేరే అవుట్‌పుట్ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించమనండి.

పని అయ్యాక మెయిన్ ఆపి, ఇన్వర్టర్ నడిపి, మెయిన్ వైపు తీగల్లో వోల్టేజి లేదని మల్టీమీటరుతో చూడండి. టెస్టరు ఒక్కటే నమ్మకండి. ఆర్.సి.సి.బి. టెస్ట్ బటన్ నొక్కి చూడండి. మీటరు పక్కన "ఈ ఇంట్లో సోలార్ ఉంది" అని తమిళంలో కూడా రాసి అంటించండి. స్తంభం ఎక్కేవాడు చదవాలి కదా.

తల్లిదండ్రులకు ఒక మనవి. చదువుకుంటున్న పిల్లవాడు మన వాడే కదా అని ఒంటరిగా మెయిన్ బోర్డు ముందు నిలబెట్టకండి. ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు సర్టిఫికెట్ ఉన్న వైర్‌మన్ వెంట ఉండి నేర్చుకోనివ్వండి. విద్యార్థులారా, ఎవరైనా "ఇప్పటికి ఎలాగో కలిపెయ్, తరువాత చూద్దాం" అంటే, మామ అయినా బాబాయి అయినా, మర్యాదగా "కుదరదండీ" అనండి. ఆ మాట అనగలిగిన రోజే మీ చదువుకు మన ట్రస్టు ఇచ్చిన ప్రతి రూపాయి సార్థకం.